ఉబుంటు సర్వర్‌లో డిపెండెన్సీ చిక్కు: ముడి ఎక్కడ పడిందో కనిపెట్టి విప్పే పద్ధతి

సర్వర్‌లోకి లాగిన్ అయ్యి చిన్న టూల్ ఒకటి ఇన్‌స్టాల్ చేయబోతాం. స్క్రీన్ మీద "అన్‌మెట్ డిపెండెన్సీస్" అని వస్తుంది, అంటే ఆ టూల్ నడవడానికి కావలసిన మిగతా ప్యాకేజీలు (డిపెండెన్సీలు) కుదరలేదని. కంగారులో సెర్చ్ చేసి, దొరికిన నాలుగు కమాండ్లు వరసగా పేస్ట్ చేస్తాం. అంతకుముందు ఒక ముడి ఉన్న చోట మూడు పడతాయి. "సరిగ్గా ఏ వరసలో చేయాలి?" అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి నేను పాటించే వరసను ఇక్కడ పూర్తిగా పెడుతున్నాను.

ఉదాహరణకు ఉబుంటు 22.04 తీసుకున్నాను. డెబియన్‌లోనూ దాదాపు ఇదే పద్ధతి. రెడ్‌హ్యాట్ కుటుంబం వాళ్లకు చివర్లో కొంచెం చెప్పాను.

కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. గీతలు, చుక్కలు, అంకెలు మాత్రం ఇక్కడ ఉన్నట్టే ఉంచండి.

1. చెయ్యి పెట్టే ముందు

ఈ పనికి పది నిమిషాలు పడుతుంది. లైవ్ సర్వర్ అయితే దీన్ని వదిలేసి ముందుకు వెళ్లొద్దు.

క్లౌడ్ సర్వర్ అయితే ముందు స్నాప్‌షాట్ (డిస్క్ మొత్తానికి ఆ క్షణం నకలు) తీయండి. డేటాబేస్ నడుస్తుంటే దాని బ్యాకప్ విడిగా తీయండి. నడుస్తున్న డేటాబేస్ మీద తీసిన స్నాప్‌షాట్ ఒక్కదాన్నే నమ్ముకోవడం నాకు ఇష్టం ఉండదు.

తర్వాత ఇప్పుడున్న పరిస్థితిని ఫైళ్లలో భద్రం చేసుకోండి:

డీపీకేజీ --గెట్-సెలెక్షన్స్ > ప్యాకేజీలు.టీఎక్స్‌టీ
సుడో సీపీ -ఏ /ఈటీసీ/ఆప్ట్ /రూట్/ఆప్ట్-పాతది

ఇక్కడ ఆప్ట్ అంటే ఉబుంటులో ప్యాకేజీలను తెచ్చి పెట్టే టూల్, డీపీకేజీ అంటే దాని కింద ఉండి వాటిని ఇన్‌స్టాల్ చేసే టూల్. మొదటి కమాండ్ ఏ ప్యాకేజీలు ఉన్నాయో రాసి పెడుతుంది. రెండోది సోర్సుల (ప్యాకేజీలు దిగే ఆన్‌లైన్ చోట్ల) సెట్టింగ్స్ అన్నిటినీ కాపీ చేస్తుంది. రేపు ఏదైనా తేడా వస్తే నిన్న ఎలా ఉందో చూసుకోవడానికి ఈ రెండూ చాలు.

చెక్‌లిస్ట్:
- స్నాప్‌షాట్, డేటాబేస్ బ్యాకప్ అయ్యాయా?
- టీమక్స్ లేదా స్క్రీన్ (నెట్ తెగినా పనిని ఆగనివ్వని టూల్స్) లోపల పని చేస్తున్నారా? ఇన్‌స్టాల్ మధ్యలో నెట్ పోతే ప్యాకేజీ సగంలో ఆగిపోతుంది.
- డిస్క్‌లో చోటు ఉందా? డీఎఫ్ -హెచ్ కొట్టి రూట్‌తో పాటు /బూట్ కూడా చూడండి. చోటు కనిపిస్తున్నా "నో స్పేస్" అంటుంటే డీఎఫ్ -ఐ కొట్టండి, ఐనోడ్లు (ఒక్కో ఫైల్ వివరాలు ఉంచే గళ్లు) అయిపోయి ఉండవచ్చు.
- సర్వర్ ఏ వెర్షనో ఖాయం చేసుకున్నారా? క్యాట్ /ఈటీసీ/ఓఎస్-రిలీజ్ చూపిస్తుంది. "22.04 అనే అనుకున్నాను" అన్న మాటతో మొదలైన చిక్కులు చాలా చూశాను.

2. ఎర్రర్‌ను చివరి దాకా చదవండి

చాలామంది కళ్లు నేరుగా చివరి లైను మీద పడతాయి: "యూ హ్యావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్". అది చూసి ఏదో ప్యాకేజీ హోల్డ్‌లో (వెర్షన్ మారకుండా ఆపి) ఉందనుకుని దాని కోసం వెతుకుతారు. నిజానికి హోల్డ్‌లో ఒక్కటీ లేకపోయినా ఆప్ట్ ఈ మాటే అంటుంది. "నాకు దారి దొరకలేదు" అని దానర్థం. అసలు సమాచారం దానికి పై లైన్లలో, "డిపెండ్స్" అన్న మాట పక్కన ఉంటుంది.

ఆ లైను చివర మూడు రకాల మాటల్లో ఒకటి వస్తుంది. మూడింటికీ మందు వేరు.

"నాట్ ఇన్‌స్టాలబుల్" అని ఉంటే: ఆ పేరు గల ప్యాకేజీ మీ సోర్సుల్లో ఎక్కడా లేదు. పేరు మారి ఉండవచ్చు, యూనివర్స్ విభాగం (కమ్యూనిటీ చూసుకునే ప్యాకేజీలు) ఆన్ చేసి ఉండకపోవచ్చు, లేదా మీరు వేరే వెర్షన్ కోసం తయారైన ప్యాకేజీ తెచ్చి ఉండవచ్చు.

"నాట్ గోయింగ్ టు బి ఇన్‌స్టాల్డ్" అని ఉంటే: ప్యాకేజీ ఉంది. కానీ దానికి కావలసినది ఇంకేదో కుదరక ఆప్ట్ వదిలేసింది. అంటే అసలు ముడి ఇంకో మెట్టు కింద ఉంది.

"ఫలానా వెర్షన్ ఈజ్ టు బి ఇన్‌స్టాల్డ్" అని ఉంటే: ప్యాకేజీ ఉంది, వెర్షన్ కుదరడం లేదు. ముడి ఇక్కడే ఉంది.

రెండో రకం వచ్చినప్పుడు చేయాల్సిన పని సులువే, కానీ ఎక్కువమందికి తెలియదు. ఆప్ట్ వదిలేసిన ప్యాకేజీ పేరును మీరే ఇన్‌స్టాల్ చేయమని అడగండి. అప్పుడది తనకు ఏది అడ్డొచ్చిందో చెబుతుంది. మళ్లీ అదే మాట వస్తే ఇంకో మెట్టు దిగండి. ఇలా మొదటి లేదా మూడో రకం మాట వచ్చే వరకు దిగాలి.

నిజంగా తరచుగా వచ్చే కేసు చూద్దాం. కంపైలర్ కోసం బిల్డ్-ఎసెన్షియల్ పెడుతున్నారు:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్

ఎర్రర్ ఇలా వస్తుంది: "బిల్డ్-ఎసెన్షియల్ : డిపెండ్స్: లిబ్‌సీ6-డెవ్ బట్ ఇట్ ఈజ్ నాట్ గోయింగ్ టు బి ఇన్‌స్టాల్డ్". ఇది రెండో రకం. ఒక మెట్టు దిగి లిబ్‌సీ6-డెవ్‌ను అడుగుదాం:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌సీ6-డెవ్

ఇప్పుడు వచ్చేది: "లిబ్‌సీ6-డెవ్ : డిపెండ్స్: లిబ్‌సీ6 (= 2.35-0ఉబుంటు3) బట్ 2.35-0ఉబుంటు3.8 ఈజ్ టు బి ఇన్‌స్టాల్డ్". ఇది మూడో రకం. డెవ్ ప్యాకేజీకి (కంపైల్ చేయడానికి కావలసిన ఫైళ్లు ఉండేది) సరిగ్గా అదే వెర్షన్ లైబ్రరీ, అంటే లిబ్‌సీ6, కావాలి, సర్వర్‌లో అంతకన్నా కొత్తది ఉంది. దీని కథ నాలుగో మెట్టులో తేలుస్తాను.

3. ముందు చిన్న అడ్డంకులు తీసేయండి

పెద్ద ముడి జోలికి వెళ్లే ముందు ఈ మూడు కమాండ్లూ ఇదే వరసలో కొట్టండి.

సుడో ఆప్ట్ అప్‌డేట్

అయిపోయింది కదా అని కిందికి వెళ్లిపోవద్దు, అది చూపించినదంతా చదవండి. 404, "నో పబ్‌కీ" (సోర్సు సంతకం సరిచూసే కీ లేదని), "రిలీజ్ ఫైల్ లేదు" లాంటివి ఒక్కటి ఉన్నా ఆ సోర్సు జాబితా పాతదే మిగిలిపోయింది. పాత జాబితాతో వేసే లెక్కలన్నీ తప్పుతాయి. ముందు ఆ సోర్సును సరిచేయండి, అక్కర్లేనిదైతే తీసేయండి.

"కుడ్ నాట్ గెట్ లాక్" అంటే ఇంకో ప్రాసెస్ పనిలో ఉంది. ఎక్కువసార్లు అది ఉబుంటు తనంతట తానే నడిపే అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్. ప్రాసెస్ నంబరు ఎర్రర్‌లోనే ఉంటుంది. ఆగండి. లాక్ ఫైల్‌ను డిలీట్ చేయమనే సలహా ఎక్కడ చూసినా పాటించొద్దు. రెండు ప్రాసెస్‌లు ఒకేసారి ప్యాకేజీల డేటాబేస్‌లో రాస్తే తర్వాత మిగిలేది రాత్రంతా పని.

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ

మధ్యలో ఆగిపోయిన ప్యాకేజీల పని ఇది పూర్తి చేస్తుంది.

సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

సగం పడి, సగం పడని వాటిని ఇది సర్దుతుంది. ఇది కూడా కొన్నిసార్లు ప్యాకేజీలను తీసేస్తానంటుంది. ఎంటర్ కొట్టే ముందు ఆ జాబితా చదవండి. దీని గురించి ఆరో మెట్టులో గట్టిగా చెబుతాను.

4. ఏ ప్యాకేజీ ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి

మొత్తం వ్యవహారంలో గుండెకాయ ఇదే. నా అనుభవంలో డిపెండెన్సీ చిక్కుల్లో ఎక్కువ భాగం సోర్సుల దగ్గర తేలతాయి: ఒక సోర్సు లేకపోవడం, లేదా కలవకూడని రెండు సోర్సులు కలవడం. దాన్ని పట్టించే కమాండ్ ఒకటే:

ఆప్ట్-క్యాష్ పాలసీ లిబ్‌సీ6

ఇది ఇప్పుడున్న వెర్షన్‌ను, ఆప్ట్ పెట్టాలనుకునే వెర్షన్‌ను చూపిస్తుంది. కింద వెర్షన్ల పట్టిక ఉంటుంది. ఇప్పుడున్న దాని పక్కన మూడు నక్షత్రాలు ఉంటాయి. ప్రతి వెర్షన్ కింద అది దొరికే చోటు, దాని ముందు ఒక అంకె. మామూలు సోర్సుకు 500. కేవలం సర్వర్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్నదానికి 100.

చూడాల్సింది ఇది: నక్షత్రాలున్న వెర్షన్ కింద "100 /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్" అన్న ఒక్క లైనే ఉండి, ఏ వెబ్ చిరునామా లేకపోతే, ఆ ప్యాకేజీని ఇప్పుడు మీ సోర్సులు ఏవీ ఇవ్వడం లేదు. అది ఎక్కడి నుంచో వచ్చింది, ఆ దారి ఇప్పుడు మూసుకుపోయింది.

మన కేసులో సరిగ్గా ఇదే కనిపిస్తుంది. 2.35-0ఉబుంటు3.8 కింద స్టేటస్ లైను మాత్రమే ఉంది. 2.35-0ఉబుంటు3 కింద "జామీ/మెయిన్" ఉంది (జామీ అంటే 22.04 కోడ్‌నేమ్). అంటే ఒకప్పుడు జామీ-అప్‌డేట్స్ లేదా జామీ-సెక్యూరిటీ నుంచి కొత్త లైబ్రరీ వచ్చింది. తర్వాత ఎవరో సోర్సుల ఫైల్‌ను మార్చి ఆ లైన్లు తీసేశారు. ఇప్పుడు డెవ్ ప్యాకేజీ పాతదే దొరుకుతోంది, లైబ్రరీ మాత్రం కొత్తది. రెండూ కలవవు.

ఫైల్ తెరిచి చూడండి. 22.04లో అది /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్. 24.04 నుంచి /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్.డి ఫోల్డర్‌లో ఉబుంటు.సోర్సెస్ అన్న పేరుతో కొత్త రూపంలో ఉంటుంది. 22.04లో జామీ, జామీ-అప్‌డేట్స్, జామీ-సెక్యూరిటీ మూడూ ఉండాలి. లేనిదాన్ని చేర్చి, మళ్లీ అప్‌డేట్ కొట్టి, బిల్డ్-ఎసెన్షియల్ అడగండి. ఇక ఏ గొడవా లేకుండా పడుతుంది.

ఇదే ఎర్రర్‌కు నెట్‌లో దొరికే ఇంకో సలహా, లిబ్‌సీ6ను పాత వెర్షన్‌కు దించడం. దయచేసి ఆ పని చేయొద్దు. సర్వర్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆ లైబ్రరీ మీదే నిలబడి ఉంది. పైగా సెక్యూరిటీ అప్‌డేట్‌ను మీ చేత్తో మీరే తీసేసినట్టవుతుంది.

సోర్సుల్లో వెతకాల్సిన మిగతా తప్పులు:
- కోడ్‌నేమ్ తేడా. 22.04 సర్వర్‌లో "ఫోకల్" లేదా "నోబుల్" అన్న లైను. ఫోకల్ అంటే 20.04, నోబుల్ అంటే 24.04.
- డెబియన్ సోర్సును ఉబుంటులో, ఉబుంటు పీపీఏను (బయటివాళ్లు నడిపే సోర్సును) డెబియన్‌లో చేర్చడం. రెండూ డెబ్ ఫైళ్లే వాడతాయి కాబట్టి కలుస్తాయనిపిస్తుంది. కలవవు.
- సర్వర్ అప్‌గ్రేడ్ చేశాక పాత వెర్షన్ పీపీఏలు అలాగే మిగిలిపోవడం.
- కాలం తీరిన వెర్షన్. ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండేవి) కాని పాత ఉబుంటు వెర్షన్ల ప్యాకేజీలు ఓల్డ్-రిలీజెస్ సర్వర్‌కు వెళ్లిపోతాయి, మామూలు చిరునామాలో 404 వస్తుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా వెర్షన్లు కలవకపోతే మిర్రర్ (ప్రధాన ఆర్కైవ్‌కు నకలు సర్వర్) ఇంకా పూర్తిగా సింక్ అయి ఉండకపోవచ్చు. మన దేశంలోని సర్వర్లకు ఎక్కువగా ఇన్.ఆర్కైవ్.ఉబుంటు.కామ్ ఉంటుంది. కొన్ని గంటలు ఆగి చూడండి, లేదా ఆ చిరునామాలో ముందున్న "ఇన్." తీసేసి ప్రధాన ఆర్కైవ్ పెట్టి చూడండి.

5. హోల్డ్, పిన్, "కెప్ట్ బ్యాక్"

ఆప్ట్-మార్క్ షోహోల్డ్

ఏదైనా పేరు వస్తే దాన్ని ఎవరో కావాలనే ఆపారు. వెంటనే అన్‌హోల్డ్ కొట్టకుండా ఎందుకు ఆపారో టీమ్‌లో అడగండి. అప్లికేషన్ ఒక పాత వెర్షన్‌తోనే నడుస్తుందని ఆపి ఉండవచ్చు.

/ఈటీసీ/ఆప్ట్/ప్రిఫరెన్సెస్.డి ఫోల్డర్ కూడా చూడండి. పిన్‌లు, అంటే ఏ వెర్షన్‌కు ఎంత ప్రాధాన్యమో చెప్పే అంకెలు, అక్కడ ఉంటాయి. 1000 కంటే పెద్ద అంకెతో పిన్ ఉంటే, వెర్షన్ వెనక్కి వెళ్లాల్సి వచ్చినా ఆప్ట్ దాన్నే ఎంచుకుంటుంది. ఎప్పుడో తాత్కాలికంగా పెట్టి మరిచిపోయిన పిన్ ఏళ్ల తర్వాత ఇలా అడ్డం తిరుగుతుంది.

అప్‌గ్రేడ్‌లో "కెప్ట్ బ్యాక్" అని వస్తే చాలాసార్లు టెన్షన్ పడక్కర్లేదు. ఉబుంటు కొన్ని అప్‌డేట్లను అందరికీ ఒకేసారి ఇవ్వకుండా విడతలుగా ఇస్తుంది. తరచుగా మీ సర్వర్ వంతు ఇంకా రాకపోవడమే కారణం.

6. ఉత్తుత్తి రన్ చేసి, తీసేసే జాబితా చదవండి

ఏ మార్పుకైనా ముందు ఇది:

ఆప్ట్-గెట్ -ఎస్ ఇన్‌స్టాల్ ప్యాకేజీపేరు

ఇది ఏమీ మార్చదు, ఏం చేయబోతుందో మాత్రం చెబుతుంది. "ఇన్‌స్ట్" అంటే పెట్టబోయేది, "రెమ్వ్" అంటే తీసేయబోయేది. "రెమ్వ్" అన్న లైను ఒక్కటి ఉన్నా అక్కడ ఆగండి.

కొన్నేళ్ల కిందట ఒక క్లయింట్ సర్వర్‌లో రాత్రి పదకొండు దాటాక చిన్న టూల్ పెడుతున్నాను. ఆప్ట్ ప్రశ్న అడిగింది, నేను వై కొట్టాను. తీసేసే జాబితాలో మైఎస్‌క్యూఎల్ సర్వర్ ఉంది, నేను చదవలేదు. డేటా పోలేదు కానీ మళ్లీ డేటాబేస్ లేచేదాకా వాళ్ల ఆర్డర్లు ఆగిపోయాయి. ఆ రాత్రి వాళ్లకు ఫోన్ చేసి ఏం జరిగిందో చెప్పడం నా ఉద్యోగంలో నేను చేసిన అతి కష్టమైన పని. అప్పటి నుంచి లైవ్ సర్వర్‌లో "-వై" (అడగకుండానే సరే అనే ఆప్షన్) వాడటం మానేశాను. మీరూ మానేయమని అడుగుతున్నాను.

7. ప్యాకేజీ వెనక్కి దించక తప్పకపోతే

బయటి పీపీఏ నుంచి వచ్చిన కొత్త వెర్షన్ అడ్డుగా ఉన్నప్పుడే ఇది. పీపీఏ-పర్జ్ అన్న టూల్ ఆ పీపీఏను ఆపేసి, దాని ప్యాకేజీలను ఉబుంటు సొంత వెర్షన్లకు దించుతుంది. ఒకటి రెండు ప్యాకేజీలే అయితే చేత్తో చేయవచ్చు:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ప్యాకేజీపేరు=వెర్షన్

వెర్షన్‌ను ఆప్ట్-క్యాష్ పాలసీ చూపించిన పట్టిక నుంచి ఉన్నదున్నట్టు కాపీ చేయండి. డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను మాత్రం ఇలా దించొద్దు. కొత్త వెర్షన్ మార్చిన డేటా ఫైళ్లను పాత వెర్షన్ చదవలేకపోవచ్చు.

8. డౌన్‌లోడ్ చేసిన డెబ్ ఫైల్ పడకపోతే

డీపీకేజీ -ఐ తో పెడితే అది డిపెండెన్సీలను తెచ్చుకోదు. దాని బదులు:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ./ఫైల్‌పేరు.డెబ్

ముందున్న చుక్క, గీత ముఖ్యం. అవి ఉంటేనే ఆప్ట్ దాన్ని ఫైల్‌గా గుర్తిస్తుంది.

ఇక్కడ ఎదురయ్యే రెండు గోడల గురించి తెలుసుకోండి.

ఒకటి, "లిబ్‌ఎస్ఎస్ఎల్1.1 నాట్ ఇన్‌స్టాలబుల్". ఉబుంటు 22.04 ఓపెన్ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) 3కు మారింది, పాత లైబ్రరీ అందులో లేదు. 20.04 ఆర్కైవ్ నుంచి ఆ ఫైల్ తెచ్చి పెడితే పని నడుస్తుంది. కానీ 1.1.1కు మామూలు సపోర్ట్ 2023 సెప్టెంబర్‌లో ఆగిపోయింది. బయటి ప్రపంచానికి తెరిచి ఉన్న సర్వర్‌లో నేనైతే పెట్టను. టూల్‌కు కొత్త బిల్డ్ ఉందేమో వెతకండి, లేకపోతే డాకర్ కంటైనర్‌లో (సర్వర్ నుంచి విడిగా ఉండే పెట్టెలో) 20.04 ఇమేజ్ మీద నడపండి.

రెండు, ప్రోగ్రామ్ పడింది కానీ నడిపితే "జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్". ఆ బైనరీని కొత్త సిస్టమ్ మీద తయారుచేశారు. జీలిబ్‌సీ అంటే పైన చూసిన లిబ్‌సీ6 లైబ్రరీయే: ఉబుంటు 20.04లో ఉన్నది 2.31, 22.04లో 2.35, 24.04లో 2.39. జీలిబ్‌సీని చేత్తో మార్చడానికి ప్రయత్నిస్తే సర్వర్‌లో ఎల్ఎస్ కమాండ్ కూడా నడవని స్థితి రావచ్చు. మూడే మంచి దారులు: పాత బిల్డ్ తీసుకోవడం, సోర్స్ నుంచి మీ సర్వర్ మీదే కంపైల్ చేసుకోవడం, కంటైనర్‌లో నడపడం.

ఏ లైబ్రరీ లోటో తెలియకపోతే ఎల్‌డీడీ కమాండ్‌కు ప్రోగ్రామ్ పూర్తి పాత్ ఇవ్వండి. "నాట్ ఫౌండ్" అన్న లైన్లు చూడండి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఫైల్ మీద మాత్రం ఎల్‌డీడీ నడపొద్దు, కొన్ని పరిస్థితుల్లో అది ఆ ఫైల్‌ను నిజంగానే నడిపేస్తుంది.

9. పైథాన్ టూల్స్ దారి వేరు

డెబియన్ 12 నుంచి, ఉబుంటు 23.04 నుంచి పిప్ (పైథాన్ ప్యాకేజీల ఇన్‌స్టాలర్) "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఆగిపోతుంది. సిస్టమ్ సొంత టూల్స్‌లో కొన్ని అదే పైథాన్ మీద నడుస్తాయి కాబట్టి ఆ అడ్డు పెట్టారు. "--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్" అన్న ఆప్షన్‌తో దాటవచ్చు కానీ, అది ఏం చేస్తుందో దాని పేరే చెబుతోంది.

కమాండ్-లైన్ టూల్ అయితే పిప్‌ఎక్స్ వాడండి:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పిప్‌ఎక్స్
పిప్‌ఎక్స్ ఇన్‌స్టాల్ టూల్‌పేరు

ఒక్కో టూల్‌కు దాని డిపెండెన్సీలు విడి గదిలో ఉంటాయి, ఒకదానితో ఒకటి తగువు పడవు. సొంత ప్రాజెక్ట్ అయితే వీఎన్వ్ (ప్రాజెక్ట్‌కు విడి పైథాన్ గది) చాలు.

సిస్టమ్ పైథాన్‌ను తీసేయడం, లేదా /యూఎస్ఆర్/బిన్/పైథాన్3 లింకును ఇంకో వెర్షన్‌కు తిప్పడం ఎప్పుడూ చేయొద్దు.

10. ఆల్మా, రాకీ, రెడ్‌హ్యాట్ వాళ్లకు

ఇక్కడ డీఎన్ఎఫ్ (ఆప్ట్ చేసే పనే చేసే టూల్) "నథింగ్ ప్రొవైడ్స్ ఫలానా" అంటే అది "నాట్ ఇన్‌స్టాలబుల్" లాంటిదే. 9వ వెర్షన్‌లో ఈపెల్ (కమ్యూనిటీ అదనపు ప్యాకేజీల సోర్సు) ప్యాకేజీలకు చాలాసార్లు సీఆర్‌బీ అన్న ఇంకో రిపోజిటరీ (సోర్సు) కావాలి:

సుడో డీఎన్ఎఫ్ కాన్ఫిగ్-మేనేజర్ --సెట్-ఎనేబుల్డ్ సీఆర్‌బీ

రెడ్‌హ్యాట్ సబ్‌స్క్రిప్షన్ ఉన్న సర్వర్‌లో దీన్ని సబ్‌స్క్రిప్షన్-మేనేజర్ ద్వారా ఆన్ చేస్తారు. లోటుపడిన ఫైల్ ఏ ప్యాకేజీలో ఉందో డీఎన్ఎఫ్ ప్రొవైడ్స్ చెబుతుంది. డీఎన్ఎఫ్ హిస్టరీ అండూ చాలా సందర్భాల్లో చేసిన మార్పును వెనక్కి తిప్పుతుంది. 22.04 ఆప్ట్‌లోనూ ఇలాంటిది ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

11. పని అయ్యాక

సుడో ఆప్ట్-గెట్ చెక్
సుడో డీపీకేజీ --ఆడిట్

రెండూ ఏ ఫిర్యాదూ లేకుండా ముగియాలి. తర్వాత:

- సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్ కొట్టి, ఏ సర్వీసూ పడిపోలేదని చూడండి.
- వెబ్‌సైట్, డేటాబేస్ బయటి నుంచి తెరిచి చూడండి.
- /వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్‌లో ఈరోజు ఏమేం పడ్డాయో, ఏమేం పోయాయో ఒకసారి చదవండి. మీరు కోరనిది ఏదైనా పోయి ఉంటే పట్టుబడేది ఇక్కడే.
- ఆటోరిమూవ్ (ఇక అక్కర్లేదనుకున్న ప్యాకేజీలను తీసేసే కమాండ్) అదే రోజు కొట్టొద్దు. రెండు మూడు రోజులు సర్వర్ బాగా నడిచాక, ముందు -ఎస్ పెట్టి జాబితా చూసి కొట్టండి.
- ఏ సోర్సు చేర్చారో, ఏ పిన్ తీశారో, ఎందుకో టీమ్ నోట్స్‌లో రెండు లైన్లు రాయండి. ఆరు నెలల తర్వాత ఇదే ఎర్రర్ మీద కూర్చునే మనిషికి, అది మీరే అయినా సరే, ఆ రెండు లైన్లే దారి చూపిస్తాయి.
- వారం ఆగి స్నాప్‌షాట్ తీసేయండి.